పసుపు పూసిన రివాల్వరు

మొన్న మా మనవరాలు నన్ను హైదరాబాదులో ఒక మ్యూజియానికి తీసుకెళ్ళింది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయే, నేను రానే అని ఎంత మొత్తుకున్నా వినకుండా, అక్కడి చక్రాల కుర్చీలో నన్ను కుదేసి గదిగదీ తిప్పింది. అలా తిరుగుతూ తిరుగుతూ ఒక గదిలోకి వచ్చేసరికి అద్దాల బీరువాలో వరసగా పాతకాలపు రివాల్వర్లు కనబడ్డాయి. తూటాలు రాకముందటివి, మందుగుండు దట్టించి వెనకాల చిన్న రాగి టోపీ తగిలించి పేల్చే రకం. ఒక్కొక్కటీ అద్దంలా మెరుస్తోంది. "అమ్మమ్మా, మనింట్లో దేవుడి అరలో ఉన్నది కూడా ఇలాంటిదే కదూ, దాన్నీ ఇలా శుభ్రంగా తోమిస్తే ఎంత బావుంటుందో" అంది మనవరాలు. పిల్ల ప్రేమగానే అంది. నేను మాత్రం ఇంక చాల్లే పద, ఇంటికి పోదాం అన్నాను. దారంతా కారు కిటికీలోంచి చూస్తున్నానే కాని నా మనసు ఎప్పుడో ఏలూరు చేరిపోయింది.

నేను తాడేపల్లిగూడెం పిల్లని. యుద్ధం రోజుల్లో మా గూడెం పక్కన విమానాలు దిగడానికి వేసిన పొడుగాటి బాట నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ చుట్టుపక్కల భుజాన తుపాకులేసుకుని తిరిగే సోల్జర్లని చూస్తూ పెరిగాను కాబట్టి తుపాకీ అంటే నాకు మిగతా ఆడపిల్లలకున్నంత బెదురు ఉండేది కాదు. అది మంచిదే అయింది. ఎందుకంటే యాభైల మొదట్లో ఏలూరులో, కాలవ ఒడ్డునున్న అత్తవారింట్లో అడుగుపెట్టిన మర్నాడే మా అత్తగారు నన్ను హాల్లోకి తీసుకెళ్ళి, గాజు తలుపుల బీరువా చూపించి, "అమ్మాయీ, వీళ్ళు నా సవతులు. మూడు పొద్దులా మీ మామగారి కాపురం వీళ్ళతోనే" అన్నారు. లోపల మెత్తటి గుడ్డల మీద పడుకోబెట్టి పాత రివాల్వర్లు ఉన్నాయి.

మా మామగారు కాలవల డిపార్టుమెంటులో ఓవర్సీరుగా చేసి రిటైరయినవారు. చీమని తొక్కితే నొచ్చుకునే మనిషి. జీవితంలో ఒక్కసారి కూడా తుపాకీ పేల్చి ఎరగరు. అలాంటి మనిషికి ఈ పిచ్చి ఎలా పట్టిందయ్యా అంటే, ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక తెల్ల ఇంజనీరు బంగళా ఖాళీ చేస్తుంటే చెత్తలో విరిగిన పెట్టె ఒకటి దొరికిందట, అందులో తుప్పుపట్టిన రివాల్వరు ఉందట. ఆ గుండ్రటి ఇనుపముక్కలో ఆరు గదులు, ఒక్కో గదిలో మందు పోసి సీసపు గుండు కూరడం, వెనకాల చనుమొన లాంటి దానికి రాగి టోపీ పెట్టడం, సుత్తి వెనక్కి లాగినప్పుడల్లా గది ఒక్కటొక్కటిగా తిరిగి గొట్టానికి ఎదురు రావడం, ఇదంతా ఆయన్ని కట్టిపడేసింది. కరెంటు లేని కాలంలో, చేత్తో అరగదీసి ఇంత పని ఎలా చేశాడా మహానుభావుడు అని తల ఊపుతూ ఉండేవారు. అప్పటినుంచి ఎవరింట్లో పాత ఇనుము ఉందన్నా అక్కడ వాలిపోయేవారు. ఒకటి గుండుగొలనులో ఒక పెద్దరైతు ధాన్యం గాదె అడుగున దొరికిందిట, ఎలకలు పిడి కొరికేశాయి పాపం అని ఆయన ఏదో పసిపిల్లని ఎలకలు కరిచినంత బాధపడుతూ చెప్పేవారు.

మా ఆయనకి గూడెంలోనే ఉద్యోగం. నన్ను పుట్టింటూరి నుంచి ఇక్కడికి తెచ్చి పెట్టి తాను మాత్రం అక్కడ భోజనం హోటల్లో తింటూ శనివారం సాయంత్రం రైలుకి వచ్చేవారు, ఈ తమాషా ఏమిటో అప్పట్లో అడగాలని కూడా నాకు తోచలేదు. వారమంతా నాకు పెద్దగా పని ఉండేది కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామగారు వరండాలో చాప పరుచుకుని తుపాకులు విప్పుకుంటే నేనూ ఎదురుగా చేరేదాన్ని. ఇనుముకి కిరసనాయిలు, మెత్తటి ఇటిక పొడి, ఇత్తడి భాగాలకి చింతపండు. చింతపండు డబ్బా ఖాళీ అయినప్పుడల్లా వంటింట్లోంచి అత్తగారి గొంతు లేచేది, నువ్వొచ్చాక ఈయనకి పట్టపగ్గాలు లేకుండా పోయాయే అమ్మాయీ, చారులోకి లేదు కాని సవతులకి స్నానాలకి మాత్రం ఉంది అని. మామగారు వినపడనట్టు నటిస్తూ నాకేసి చూసి నవ్వేవారు. కన్నతండ్రి దగ్గర కూడా నాకంత చనువు ఉండేది కాదు.

ఆ బీరువాలో ఒక చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. అది కొల్లేటికోటలో ఉన్న దానికి అని చెప్పేవారు మామగారు. సరస్సు మధ్యన ఉన్న ఆ ఊళ్ళో, చేపలు పట్టుకుని బతికే ఒక ఇంట్లో, అలాంటి రివాల్వరు ఒకటి ఉందని ఆయనకి ఉద్యోగపు రోజుల్లోనే తెలిసింది. ఆ ఇంటి తాతలనాటి మనిషి ఒక దొరని బాతుల వేటకి పడవలో తిప్పేవాడట, గాలివానలో పడవ బోల్తాపడితే దొరని ఒడ్డుకి చేర్చాడట, దొర నడుముకున్నది తీసి ఇతని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడట. ఆ తాత పోయాక వాళ్ళు దాన్ని దేవుడి మూల పెట్టుకున్నారు. మామగారు ఏటా ఒకసారి వెళ్ళి అడగడం, వాళ్ళు మర్యాదగా కాదనడం, ఇది చాలా ఏళ్ళుగా సాగుతూ వచ్చింది.

పెళ్ళైన మొదటి ఏడాదే నన్నూ తీసుకెళ్ళారు. జట్కా మీద సరస్సు ఒడ్డుకి వెళ్ళి అక్కణ్ణించి పడవెక్కాం. మెట్ట ప్రాంతపు పిల్లని, అంత నీరు ఒక్కచోట చూడడం అదే మొదలు. పడవ పక్కనుంచే ఒకాయన తాటిదోనెలో నిలబడి గడ వేసుకుంటూ పోతుంటే ఎక్కడ పడతాడో అని నేను చీర కొంగు బిగపట్టుకుని కూచున్నాను. ఆ ఇంట్లో ఒక మామ్మ, ఆవిడ కొడుకు, కొత్తగా కాపురానికొచ్చిన కోడలు. మామ్మ బక్కపలచటి మనిషి, మాట మాత్రం ఎంత మెత్తనో. "రండి బాబుగారండీ, ఈయేడు కోడలుగారిని కూడా తెచ్చేరండి" అంటూ చెంబుతో నీళ్ళిచ్చింది. దేవుడి మూలన పీట మీద, పసుపు ముద్దలా ఉన్నదేదో చూపించి అదేనమ్మా అన్నారు మామగారు. నాకు తుపాకీ పోలికే కనబడలేదు. ఏటా కొల్లేట్లోకి కొత్తనీరు వచ్చినప్పుడు ఆ ఇంటి కోడలు తలంటు పోసుకుని, ఆముదంలో పసుపు రంగరించి దానికి పూసి బొట్టు పెట్టాకే మగవాళ్ళు వల ముట్టుకునేవారట. కిందటేటి పసుపు కడగరు, దాని మీదే పూస్తారు. అలా ఎన్ని తరాల పసుపో, అట్టలు కట్టిపోయి ఉంది.

మూడో ఏడో నాలుగో ఏడో, వేసవిలో, మేం వెళ్ళేసరికి మామ్మ కొడుకే ఆ మాట ఎత్తాడు. పిడి తాలూకు చెక్క వదులైపోయిందనీ, ఊడి పడితే అరిష్టం కదా అనీ, బాబుగారికి ఈ పని తెలుసు కాబట్టి బాగుచేసి కొత్తనీటి వేళకి తెచ్చి ఇస్తారా అనీ. మామ్మ మొదట ఒప్పుకోలేదు. గడప దాటించడం ఎప్పుడూ లేదండీ అంది. చివరికి కొడుకు మాట కాదనలేక, కళ్ళకద్దుకుని మామగారి తువ్వాల్లో పెట్టింది. తిరుగు ప్రయాణమంతా ఆయన దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నారు. ఎన్నాళ్ళ కోరిక, నాలుగు రోజులకైనా సరే, ఒళ్ళోకి వచ్చింది మరి.

పిడి బాగుచెయ్యడం ఒక పూట పని. పాత చెక్క కిందకి కొత్త మేకు దిగ్గొట్టారు, అయిపోయింది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బావుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. కాని పాతది చేతికొస్తే తోమకుండా ఉండలేని అలవాటు ఆయనది. పసుపు అట్ట ఒక మూల కాస్త గోరుతో గీరి చూశారు, కింద ఏదో చెక్కుడు పని కనబడింది. అంతే, ఇంక ఆయన్ని ఆపగలిగినవాళ్ళు లేరు. వేణ్ణీళ్ళతో నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్ది, పొర తరవాత పొర తీస్తూ రోజుల తరబడి కూచున్నారు. అడుగున ఆరు గదుల ఉండ చుట్టూ అల్లుకున్న ద్రాక్షతీగ బయటపడింది. ఒక్కో ఆకుకీ ఈనెలు కూడా చెక్కి ఉన్నాయి. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాళ్ళింట్లో ఇంత అందం ఉందని పాపం వాళ్ళకే తెలీదమ్మా, చూస్తే ఎంత సంతోషిస్తారో అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించారు. మా అత్తగారొక్కరే అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉందండీ, దేవుడికి తలంటు పోశారు. మరి బొట్టేదండీ?" అన్నారు. ఆవిడ ఎప్పటిలా వేళాకోళం ఆడుతున్నారనుకుని అందరం నవ్వేశాం.

కొత్తనీరు వచ్చిందని కబురు తెలిసి తీసుకెళ్ళాం. మామగారు కొత్త తువ్వాలు కొని మరీ అందులో చుట్టారు. వాళ్ళ పంచలో కూచుని, పెళ్ళికూతురి ముందు తెర తీసినంత సంబరంగా ఆ తువ్వాలు విప్పి చూపించారు. మామ్మ చూసింది. ఆయన మొహంలోకి చూసింది. మళ్ళీ తువ్వాల్లోకి చూసింది. కాస్సేపటికి, ఎదటివాణ్ణి నొప్పించకూడదన్నట్టు గొంతు బాగా తగ్గించి, "బాబుగారండీ, ఇది మాది కాదండి" అంది.

మామగారి మొహం మాడిపోయింది. ఆయన్ని ఎవరూ అంత మాట అని ఎరగరు. కొడుకు గబగబా దగ్గరకొచ్చి గొట్టం కింద వాళ్ళ తాత పెట్టిన గాటు వెతికి, మనదేనమ్మా, బాబుగారు శుభ్రం చేసేరంతే అని తల్లికి చూపించాడు. అప్పుడు తెలిసింది ఆవిడకి ఏం జరిగిందో. అరచెయ్యి ఆ ఇనుము మీద ఒకసారి ఇటునుంచి అటు నిమిరింది. తిట్టలేదు, ఏడవలేదు. "మా అత్తగారు పూసిన పసుపండి, ఆవిడకి వాళ్ళత్తగారు చెయ్యి పట్టుకుని నేర్పించిందండి" అని మాత్రం అంది. ఎవరితోనో చెబుతున్నట్టు కాదు, తనలో తను అనుకున్నట్టు అంది. మామగారు చేతులు జోడించారు. ఆ ఇంటి కోడలు ఆముదం పసుపు రంగరించి తెచ్చి పూసింది. మేం నూనె పట్టించి నున్నగా చేసిన ఇనుము మీద అది నిలవకుండా జారిపోయింది, మళ్ళీ పూస్తే మళ్ళీ జారింది. పోన్లే, ఏడాదికేడాది అదే పట్టుకుంటుంది అని మామ్మే కోడలికి ధైర్యం చెప్పింది. మమ్మల్ని భోజనం చెయ్యకుండా పంపలేదు. ఆ కొరమీను పులుసన్నం మామగారికి రెండు ముద్దలు కూడా దిగలేదు.

ఇంటికొచ్చాక ఆయన బీరువా జోలికి వెళ్ళడం తగ్గించారు. ఒకటి రెండుసార్లు నాతో, ఏం చేశానమ్మా నేను, వాళ్ళ ఇంట్లో వందేళ్ళ ఆడవాళ్ళ చేతులన్నీ కడిగేశాను అన్నారు. 

ఆ ఏడే దసరా దాటాక పెద్ద వాన పట్టింది. తమ్మిలేరు పొంగి ఏలూరు వీధుల్లోకే నీళ్ళొచ్చాయి. కొల్లేటి లంకల సంగతి చెప్పనక్కర్లేదు. పడవలు తిరగడం మొదలయ్యాక ఆకివీడు నుంచి వచ్చినవాళ్ళు ఎవరో చెప్పారు, ఆ మామ్మ కొడుకు పొరుగింటి ముసలివాళ్ళని దోనెలో ఎత్తరుగు మీదకి చేరవేస్తూ చేరవేస్తూ తిరిగి రాలేదని. మామగారు వింటున్నంతసేపూ నిలబడే ఉన్నారు, తరవాత అక్కడే నేలమీద కూచుండిపోయారు. అత్తగారు మంచినీళ్ళు తెచ్చి పట్టించారు. ఆ రోజు నుంచి ఆవిడ ఆయన్ని ఒక్క మాట వేళాకోళం చెయ్యడం నేను వినలేదు.

ఆయన వెళ్ళి పలకరిద్దామంటే కాళ్ళు రాలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళనమ్మా అనేవారు. చివరికి మామ్మే వచ్చింది. సంక్రాంతి వెళ్ళాక ఒక ఉదయం, అత్తగారూ నేనూ వరండాలో కూర తరుగుతుంటే, చంకలో గుడ్డమూటతో గేటు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే మెట్టు మీదే కూచుంది. మామగారు బయటికొచ్చి, ఆవిడ ఎదురుగా అలా నిలబడిపోయారు. మూట విప్పింది. జారిపోగా మిగిలిన పసుపు అక్కడక్కడ చారలుగా ఉన్న ఆ రివాల్వరు.

కోడలు పుట్టింటికి వెళ్ళిపోయిందండి, చిన్నపిల్ల, దాన్ని ఎందుకు కట్టిపడెయ్యడం, నేనే పంపేసేనండి, ఇంక మా ఇంట్లో దీనికి పసుపు పెట్టే చెయ్యి లేదండి అంది. ఎవరూ పూజ చెయ్యని దేవుణ్ణి నీళ్ళలో కలపాలి కదా, మరి అలా చెయ్యలేకపోయావా అని అత్తగారు మెల్లిగా అడిగారు. "చెయ్యి రాలేదండి. ఆ నీళ్ళకి నా పిల్లోణ్ణి ఇచ్చేనండి. ఇంకేం ఇవ్వనండి" అంది మామ్మ.

మామగారు అప్పటికి నోరు తెరిచారు. నేను చేసిన పనివల్లే ఇదంతా జరిగిందని నీకనిపిస్తోందా, ఉంటే ఉన్నట్టు చెప్పమ్మా అన్నారు.  మామ్మ తలెత్తి చూసి, "అలా అనుకుంటే తవరింటికే ఎందుకు తెస్తానండి బాబుగారూ" అంది. ఆయన చేతులు చాచారు. కాని మామ్మ ఆయనకివ్వలేదు. లేచి నా దగ్గరకొచ్చింది. ఇది కోడళ్ళ చేతిలోదండి, తవరు పట్టుకోండి అని నా చేతుల్లో పెట్టి, ఆముదం ఎంత, పసుపు ఎంత, ఏ వేలితో బొట్టు పెట్టాలో చెప్పి, అత్తగారు పెడతానన్న అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆవిడ ఎక్కడుందో, ఎన్నాళ్ళుందో మాకు తెలీలేదు. మామగారు రెండుసార్లు మనిషిని పంపించారు, ఇల్లున్న చోట ఇల్లు లేదని చెప్పారు.

మామగారు మిగతా తుపాకులన్నీ సర్కారుకి అప్పగించేశారు. తీసుకెళ్ళడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు దేవుడి అరలో ఉన్నదాన్ని చూసి, గుమ్మం దగ్గరే బూట్లు విప్పి, దగ్గరకొచ్చి దణ్ణం పెట్టుకుని, అది దేవుడండీ, దాని జోలికి నేను రాను అని వెళ్ళిపోయారు. గాజు బీరువాలో అత్తగారు పచ్చళ్ళ జాడీలు పెట్టుకున్నారు. ఎన్నాళ్ళనుంచో తిట్టిపోసిన సవతులు వెళ్ళిపోతే ఆవిడ సంతోషిస్తారనుకున్నాను. జాడీలు సర్దుతూ కళ్ళొత్తుకోవడం చూశాను.

ఆ తరవాత మామగారు బతికినన్నాళ్ళూ ఏటా ఒకటే తంతు. కాలవలో నీటి రంగు మారగానే గేటు దగ్గర్నుంచి వచ్చి, "కొత్తనీరు వచ్చింది. పసుపు పెట్టావా అమ్మా?" అనేవారు. మంచం పట్టాక కూడా, మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాక కూడా, ఆ రుతువు వచ్చేసరికి ఆ ఒక్కమాట అడిగేవారు. పెట్టానండీ అంటే కళ్ళు మూసుకునేవారు.

మొదటి కొన్నేళ్ళు పసుపు జారిపోతూనే ఉండేది. తరవాత మెల్లిగా పట్టుకుంది. ఇప్పుడు అట్ట కట్టింది. మామగారు కళ్ళనీళ్ళు పెట్టుకుని చూసిన ద్రాక్షతీగ దాని కింద ఎక్కడో ఉంది. అక్కడ ఉందని తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ మధ్య మా అమ్మాయి కారులో కొల్లేరు చూపిస్తానని తీసుకెళ్ళింది. నీళ్ళున్నచోటల్లా గట్లు, గట్ల మధ్య చేపల చెరువులు, చెరువుల్లో తిరిగే మిషన్లు. ఆ పంచ ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. చెరువులకి నీళ్ళు మోటార్లతో తోడుకుంటారట. కొత్తనీరు ఎప్పుడొస్తుందండీ అని అక్కడ లారీలో ఐసు నింపుకుంటున్న అబ్బాయిని అడిగితే, నేనేం అడుగుతున్నానో అతనికి అర్థం కాలేదు.

నాకు కోడలు లేదు. ఉన్నది ఒక్క కూతురు, దానికొక కూతురు, తోమిస్తే బావుంటుందన్న పిల్ల. మొన్న మ్యూజియం నుంచి వచ్చాక దాన్ని పక్కన కూచోబెట్టుకుని ఇదంతా చెప్పాను. అంతా విని, వచ్చే నెల పై చదువులకి బెంగుళూరు వెళ్ళాలి కదా అమ్మమ్మా, హాస్టల్లో ఎలా పెట్టుకోను అంది. నిజమే, ఎలా పెట్టుకుంటుంది. చెయ్యి ఖాళీగా లేకపోవడం దాని తప్పు కాదు. పసుపు పెట్టే చెయ్యి లేదండి అని మామ్మ మా మెట్టు మీద కూచుని అన్న మాట ఇన్నాళ్ళకి నా ఇంట్లో నాకు వినబడింది.

ఈ ఏడు గోదావరికి ఎర్రనీరు వచ్చిందని టీవీలో చూసి, ఆ పూటే ఆముదంలో పసుపు రంగరించాను. వేళ్ళు వణికి సగం కింద పోయింది. మిగిలింది పూసి, బొట్టు పెట్టి, అలవాటు కొద్దీ కాస్సేపు వాకిలి వైపు చూస్తూ కూచున్నాను. పెట్టావా అమ్మా అని ఎవరూ అడగలేదు. పెట్టానండీ అని నేనే అన్నాను.